ద్రవిడనాడు పోయాకే డీఎంకేకు సిద్ధాంతం దొరికింది

డీఎంకే గురించి తెలుగు పత్రికల్లో ఏం రాసినా హిందీ వ్యతిరేకత, నాస్తికత్వం, సినిమా అనే మూడు ముక్కల దగ్గరే ఆగిపోతుంది. మూడూ ఆ పార్టీ చరిత్రలో ఉన్నవే. అయితే నాస్తికత్వాన్ని పార్టీ స్థాపకుడు అన్నాదురై ‘ఒకటే కులం, ఒక్కడే దేవుడు’ అన్న నినాదంతో ఎప్పుడో పలచన చేశారు. సినిమా బలంలో పెద్ద వాటా 1972లో ఎంజీఆర్ వెంట వెళ్లిపోయింది. హిందీ పోరాటం 1968లో తమిళం, ఇంగ్లిష్ చాలన్న ద్విభాషా విధానంగా శాసనసభ తీర్మానమై కుదుటపడింది. ఆ తర్వాత వచ్చిన ఏ తమిళ ప్రభుత్వమూ దాన్ని కదపలేదు. ఇవన్నీ తీసేశాక కూడా డీఎంకే చేతిలో మిగిలినదీ, ఇవాళ్టికీ పదును తగ్గనిదీ రాష్ట్రాల హక్కుల సిద్ధాంతం. విచిత్రమేమిటంటే, అది ద్రవిడనాడు అనే ప్రత్యేక దేశపు కల చెదిరిన తర్వాతే స్పష్టమైన రూపం తీసుకుంది.

1949 సెప్టెంబరు 17న మద్రాసు రాయపురంలోని రాబిన్సన్ పార్కులో, వానలో తడుస్తూ నిలబడిన జనం ముందు పార్టీ పుట్టినప్పుడు దాని గమ్యం తమిళ, తెలుగు, కన్నడ, మలయాళ ప్రాంతాలన్నీ కలిసిన ప్రత్యేక దేశం. తన గురువు పెరియార్‌తో తెగతెంపులు చేసుకున్నా ఆయన కలను మాత్రం అన్నాదురై వెంట తెచ్చుకున్నారు. ఆ దేశంలోకి వస్తారా అని మిగతా మూడు భాషలవాళ్లను అడిగి తేల్చుకున్నది లేదు. నాలుగేళ్లు తిరగకముందే, 1952 డిసెంబరు 15న, అదే నగరంలో పొట్టి శ్రీరాములు ప్రాణత్యాగం ఆ ప్రశ్నకు జవాబు చెప్పింది. తెలుగువాడు కోరుకున్నది తన భాషకొక రాష్ట్రమని 1953లో, కన్నడ మలయాళాల వారిదీ అదే దారి అని 1956లో తేలిపోయింది. దేశ సమగ్రతను కాపాడతామని అభ్యర్థుల చేత ప్రమాణం చేయించే పదహారో రాజ్యాంగ సవరణ 1963లో వచ్చాక డీఎంకే వేర్పాటు డిమాండును వదులుకుంది. ఢిల్లీకి భయపడి వెనక్కి తగ్గిందని దీన్ని చాలామంది ఓటమిగా రాస్తారు. నా దృష్టిలో అది అప్పటికే ప్రాణం పోయిన డిమాండుకు రాసిన మరణ ధ్రువీకరణ పత్రం. అన్నాదురై అప్పుడు అన్న మాటే ముఖ్యమైనది: డిమాండు వదిలేశాం గానీ దానికి దారితీసిన కారణాలు అలాగే ఉన్నాయన్నారు. ఆ కారణాలకు రాజ్యాంగం లోపలే మందు వెతకడం అక్కడి నుంచే మొదలైంది.

1967 కథ అందరికీ తెలిసిందే. బియ్యం కొరత, విద్యార్థుల ఆగ్రహం, రాజాజీతో పొత్తు కలిసి కాంగ్రెస్‌ను గద్దె దింపాయి. కామరాజ్ అంతటివారు విరుదునగర్‌లో ఒక విద్యార్థి నాయకుడి చేతిలో ఓడిపోయారు. రెండేళ్లయినా నిండని పాలనలో అన్నాదురై ఆత్మగౌరవ వివాహాలకు చట్టబద్ధత కల్పించారు, మద్రాసు రాష్ట్రాన్ని తమిళనాడు చేశారు.

అసలు కథ ఆయన పోయిన ఏడాది, 1969లోనే మొదలవుతుంది. కేంద్ర, రాష్ట్ర సంబంధాలను పరిశీలించడానికి ఆయన తర్వాత ముఖ్యమంత్రి అయిన కరుణానిధి ముగ్గురు సభ్యులతో కమిటీ వేశారు. అధ్యక్షుడు పకాల వెంకట రాజమన్నార్; స్వాతంత్ర్యం వచ్చాక మద్రాసు హైకోర్టుకు తొలి భారతీయ ప్రధాన న్యాయమూర్తి, తెలుగులో నాటకాలు రాసిన మనిషి, నాలుగో ఆర్థిక సంఘానికి అధ్యక్షుడిగా ఢిల్లీ పంపకాల లెక్కలను లోపలి నుంచి చూసినవారు. రెండో సభ్యుడు పి. చంద్రారెడ్డి, ఆంధ్రప్రదేశ్ హైకోర్టుకూ మద్రాసు హైకోర్టుకూ ప్రధాన న్యాయమూర్తిగా పనిచేశారు. మూడో సభ్యుడు లక్ష్మణస్వామి మొదలియార్ పుట్టింది కర్నూలులో. తమిళ వేర్పాటువాదమని ఉత్తరాది పత్రికలు అనుమానించిన నివేదికను తయారుచేసింది ఈ ముగ్గురు. 1971లో వచ్చిన ఆ నివేదిక, రాష్ట్ర ప్రభుత్వాలను రద్దు చేసే 356వ అధికరణను తొలగించమంది. గవర్నర్‌ను రాష్ట్ర మంత్రివర్గంతో సంప్రదించి నియమించాలంది. కేంద్రం, రాష్ట్రాలు కలిసి కూర్చుని మాట్లాడుకునే అంతర్రాష్ట్ర మండలిని వెంటనే ఏర్పాటు చేయాలంది. ప్రణాళికా సంఘం స్థానంలో చట్టబద్ధమైన సంస్థ ఉండాలంది. వీధి సభలో నినాదంగా మొదలైనదాన్ని అధికరణల వారీగా చర్చించగలిగే పత్రంగా మార్చడమే ఆ పార్టీ సాధించిన అతి పెద్ద విజయమని నేననుకుంటాను.

1974 ఏప్రిల్‌లో తమిళనాడు శాసనసభ ఆ పత్రం ఆధారంగా స్వయంప్రతిపత్తి తీర్మానం చేసింది. ఇందిరా గాంధీ దాన్ని పక్కన పెట్టారు. అయినా పంద్రాగస్టున జెండా ఎగరేసే హక్కు గవర్నర్ల నుంచి ముఖ్యమంత్రులకు దక్కింది అదే ఏడాది, కరుణానిధి పట్టుబట్టినందువల్లే. గోల్కొండ కోట మీద మన ముఖ్యమంత్రి జెండా ఎగరేసేటప్పుడు ఈ సంగతి తలచుకునేవారు ఎంతమందో తెలియదు. అంతర్రాష్ట్ర మండలి 1990లో వచ్చింది, డీఎంకే భాగస్వామిగా ఉన్న నేషనల్ ఫ్రంట్ ప్రభుత్వంలో. 356వ అధికరణకు సుప్రీంకోర్టు 1994లో బొమ్మై తీర్పుతో కళ్లెం వేసింది. 2025 ఏప్రిల్‌లో స్టాలిన్ ప్రభుత్వం జస్టిస్ కురియన్ జోసెఫ్ అధ్యక్షతన మళ్లీ ఇలాంటి కమిటీనే నియమించింది.

ఈ సిద్ధాంతం పట్ల ఆ పార్టీ నిజాయితీని శంకించేవారి దగ్గర గట్టి సాక్ష్యాలే ఉన్నాయి. 1976లో తన ప్రభుత్వాన్ని బర్తరఫ్ చేసిన ఇందిరతోనే 1980 లోక్‌సభ ఎన్నికల్లో చేతులు కలిపింది. ఆ ఎన్నికల విజయం వెనువెంటనే ఎంజీఆర్ ప్రభుత్వం అదే 356 కింద కూలిపోయింది. కరుణానిధి పాలనలో అవినీతి ఆరోపణలను విచారించిన జస్టిస్ సర్కారియానే తర్వాత కేంద్ర, రాష్ట్ర సంబంధాల కమిషన్‌కూ అధ్యక్షుడు కావడం చరిత్ర చేసిన పరిహాసం. వారసత్వ రాజకీయం సరేసరి. ఇవన్నీ పార్టీ నడవడికి తగిలే దెబ్బలు. గవర్నర్ ఎవరికి జవాబుదారీ అన్న ప్రశ్నను మాత్రం ఇవేవీ చిన్నది చేయవు.

నన్ను ఎక్కువగా బాధించేది మన సంగతి. 1982లో తెలుగుదేశం పుట్టింది కూడా ఆత్మగౌరవం పేరుతోనే. ‘కేంద్రం మిథ్య’ అని ఎన్టీఆర్ అన్నప్పుడు దేశమంతా ఉలిక్కిపడింది. 1984 ఆగస్టులో ఆయన్ను గవర్నర్ గద్దె దించితే జనం వీధుల్లోకి వచ్చి తిరిగి కూర్చోబెట్టారు. అంతటి ప్రజాబలం చేతిలో ఉండి కూడా, ఆయన తర్వాత తెలుగు పార్టీలు దాన్ని సీట్ల లెక్కగా, నిధుల బేరంగా కుదించేశాయి. ప్రధానులను నిలబెట్టగలిగిన రోజుల్లో అడిగింది ప్రాజెక్టులు, ప్యాకేజీలు. ఒక ప్రభుత్వం ఇచ్చిన ప్యాకేజీని మరో ప్రభుత్వం ఆపేయగలదు. 2014లో పార్లమెంటు సాక్షిగా ప్రకటించిన ప్రత్యేక హోదాకు పట్టిన గతి అదే. 2025 మార్చి 22న, జనాభాను బట్టి లోక్‌సభ సీట్లను తిరిగి పంచే నియోజకవర్గాల పునర్విభజన మీద చెన్నైలో స్టాలిన్ పిలిచిన సమావేశానికి తెలంగాణ నుంచి రేవంత్ రెడ్డి, కేటీఆర్ ఇద్దరూ వెళ్లారు. కేంద్రంలో భాగస్వామిగా ఉన్న తెలుగుదేశం వెళ్లలేదు. జనాభాను అదుపు చేసినందుకు లోక్‌సభలో వాటా తగ్గే ప్రమాదం ఆంధ్రప్రదేశ్‌కూ తమిళనాడుతో సమానంగా ఉన్నప్పుడు, పదహారు మంది ఎంపీల మద్దతుకు ప్రతిగా ఈ ఒక్క విషయంలో రాతపూర్వకమైన హామీ అడగడానికి చంద్రబాబు నాయుడుకు అడ్డమేమిటో ఆయనే చెప్పాలి.