చదవడం వచ్చిన పిల్లలకూ చదివి వినిపించాలి

పిల్లలు కూడబలుక్కుని చదవడం మొదలుపెట్టిన రోజు ఇంటిల్లిపాదికీ సంబరమే. ఆ మర్నాటి నుంచే మన నోట ఒక మాట వస్తుంది: "నీకు చదవడం వచ్చుగా, నువ్వే చదువుకో." అలా రెండో తరగతిలోనో మూడో తరగతిలోనో కథ చదివి వినిపించడం ఆగిపోతుంది. మళ్లీ ఎవరూ మొదలుపెట్టరు. అది తొందరపాటని నేను గట్టిగా నమ్ముతున్నాను. తెలుగు ఇళ్లలోనైతే మరీను.

దాదాపు 13 ఏళ్లు వచ్చేదాకా పిల్లలకు చదివితే అర్థమయ్యేదాని కంటే వింటే అర్థమయ్యేదే ఎక్కువని చదువు నేర్పే విద్యను పరిశీలించినవారు చాలాకాలంగా చెబుతున్నారు. అది సొంత భాషలోనే బడికెళ్లే పిల్లల లెక్క. ఇంగ్లిష్ మీడియంలో ఎనిమిదో తరగతి చదివే మన పిల్లాడి తెలుగు సంగతి వేరు. అమ్మమ్మ మాట్లాడే ప్రతి మాటా వాడికి తెలుసు. అదే మాట అచ్చులో కనిపిస్తే ఒత్తు దగ్గర ఆగిపోతాడు. పేజీ పూర్తయ్యేసరికి కథ చేజారిపోతుంది. డాలస్‌లోనో మెల్‌బోర్న్‌లోనో పెరిగే తెలుగు పిల్లలకు ఈ ఎడం ఇంకా పెద్దది. అక్షరాలు వచ్చేదాకా కథను దాచి ఉంచితే, అవి వచ్చేనాటికి కథ మీద ఆశే మిగలదు.

మా అమ్మాయి తొమ్మిదో తరగతి. బడి ఎలా జరిగిందంటే "బానే ఉంది" అంటుంది, అంతే. నిరుడు జ్వరంతో పడుకుని, ఫోను చూస్తే తల నొప్పెడుతోందంటే, మా నాన్న బైండు చేయించి దాచిన పాత చందమామలు తీశాను. బేతాళ కథ ఒకటి చదివాను. విక్రమార్కుడు శవాన్ని భుజాన వేసుకోవడంతో మొదలై, శవం మళ్లీ చెట్టెక్కడంతో ముగిసే వరస తనకు చిన్నప్పటి నుంచీ తెలిసిందే. ఊరట అందులోనే ఉంది. వారం వారం పరీక్షలు, ర్యాంకులు, రేపేమవుతుందోనన్న బెంగ. వీటి మధ్య, ఎక్కడికి చేరుతుందో ముందే తెలిసిన దారి ఒకటి దొరికింది.

బేతాళుడు ప్రశ్న అడిగిన చోట ఊపిరి తీసుకోవడానికి ఆగాను. రాజు నోరు విప్పేలోపే మా అమ్మాయి జవాబు చెప్పింది. కథలోని జవాబు అది కాదు. అయినా ఒప్పుకోలేదు, రాజుదే తప్పంది, పది నిమిషాలు వాదించింది. అంతసేపు తన గొంతు విని ఎన్నాళ్లయిందో!

తర్వాత ఆలోచిస్తే తెలిసింది. నేను అడిగేవన్నీ తన గురించే: మార్కులెన్ని, తిన్నావా, ఎవరితో మాట్లాడుతున్నావు. బేతాళుడు అడిగింది తన గురించి కాదు. ఎదురెదురుగా కూర్చుని ముఖాలు చూసుకోనక్కర్లేదు. ఇద్దరి చూపూ పుస్తకం మీదే. తండ్రి కఠినుడైన కథలో, కొడుకు అబద్ధమాడిన కథలో, తన మనసులోది ఆ పాత్రల మీద పెట్టి చెప్పుకోవచ్చు. నేనూ అంతే.

పెద్ద పిల్లలకు చిన్నపిల్లల పుస్తకాలేమిటనేవారున్నారు. 1947 జులైలో మొదలైన చందమామను ఇంట్లో ముందుగా ఎవరు చదవాలా అని పెద్దలే పోటీపడిన ఇళ్లు ఎన్నో. 1952 నుంచి 1980 దాకా ఆ పత్రికను నడిపించిన కొడవటిగంటి కుటుంబరావు పెద్దల కోసం గంభీరమైన నవలలు రాసినవాడు. చందమామలో వాక్యం తేలిగ్గా ఉంటుంది, అందులోని బుద్ధి తేలిక కాదు. అసలు వినడం పసిపిల్లల పనని మనకెప్పుడూ లేదు. ఊళ్లో చదువొచ్చిన ఒకరు భారతం చదువుతుంటే అరుగు మీద తలపండినవాళ్లు కూర్చుని విన్నారు.

రాత్రి భోజనాలయ్యాక 15 నిమిషాలు చాలు. అటు తిరిగి పడుకున్నా సరే, చదవండి. నీతి ఏమిటని మాత్రం అడగొద్దు. అడిగిన క్షణాన అది మళ్లీ బడి అయిపోతుంది.

మనకున్న వ్యవధీ తక్కువే. పదో తరగతి కాగానే ఎంతమంది పిల్లలు ఇంటర్ హాస్టళ్లకు వెళ్లిపోవడం లేదు! మా ఇంట్లో ఆ మాట ఇంకా తేలలేదు. రెండో బైండు సగానికొచ్చాం. పోయిన వారం నుంచి బేతాళుడి మాటలు తను చదువుతోంది, ఒత్తుల దగ్గర ఆగుతూ. రాజు మాటలు నావి.