గోన గన్నారెడ్డిని చరిత్రగానూ చదవొద్దు, చెత్తగానూ పారేయొద్దు

అడివి బాపిరాజు చారిత్రక నవలల మాటెత్తితే చాలు, చదివేవాళ్లు రెండు జట్లుగా విడిపోతారు. ఒక జట్టుకి ‘గోన గన్నారెడ్డి’ అంటే కాకతీయుల చరిత్రే. రెండో జట్టుకి అదంతా కట్టుకథ, వర్ణనల మోత, టైమ్ వేస్ట్. నాకు రెండు జట్లతోనూ పేచీ ఉంది.

ముందు, కథ నత్తనడక నడుస్తుందన్న గోల. 2015లో రుద్రమదేవి సినిమా చూసి, గన్నారెడ్డి పాత్ర నచ్చి, ఈ నవల పట్టుకున్నవాళ్లు నాకు తెలుసు. సినిమాలో విన్న యాస, ఆ ఊపు ఇందులో దొరక్క మధ్యలోనే పక్కన పెట్టేశారు. కానీ బాపిరాజు చిత్రకారుడండీ. బందరులో ప్రమోద్ కుమార్ చటర్జీ దగ్గర బొమ్మలు నేర్చుకున్న మనిషి. కథ నడిపించే ముందు రంగు చూస్తారు, నగ చూస్తారు, మనిషి నిలబడ్డ తీరు చూస్తారు. శాతవాహనుల కాలం మీద రాసిన ‘హిమబిందు’లో నాయకుడు సువర్ణశ్రీ శిల్పి కావడం ఊరికే జరిగింది కాదు. వర్ణనలన్నీ దాటేసి కథ మాత్రమే చదువుతానంటే ఆయన్ని చదవనట్టే లెక్క.

అలాగని ఆయన్ని తప్పు పట్టకూడదని కాదు. ఆ నాయకులు మరీ మచ్చలేని మనుషులు. అందం, విలువిద్య, ధర్మబుద్ధి అన్నీ ఒక్కరిలోనే. వాళ్లకి ఒక్క రాత్రయినా నిజమైన భయం పట్టుకుంటే బాగుండేదని నాకెప్పుడూ అనిపిస్తుంది. పాలమూరు ప్రాంతపు వీరుడు ఆ నేల మాట మాట్లాడలేదన్న తెలంగాణ పాఠకుల బాధా న్యాయమైనదే. బాపిరాజు 1940లలో హైదరాబాదులో ‘మీజాన్’ పత్రికకు సంపాదకులుగా ఉన్నారు. అక్కడి మాట చెవిన పడలేదని సర్దిచెప్పలేం.

ఇక అసలు గొడవ, చరిత్ర. అభిమానులు నవలలోని సంఘటనలు ఎత్తి, “అప్పుడు ఇలా జరిగింది” అని పోస్టులు పెడుతుంటే నాకు నిజంగా బాధేస్తుంది. పెళ్లిపీటల మీంచి వరుణ్ని ఎత్తుకుపోయే గజదొంగ నవలలోని గన్నారెడ్డి. శాసనాల్లో కనిపించేది కాకతీయుల సామంతుడు. రాయచూరు కోట పడమటి గోడలో 40 అడుగులకు పైనే పొడవున్న ఒకే రాతి మీద తెలుగు శాసనం ఉంది. 1294లో గోన గన్నయరెడ్డి ఆజ్ఞ మీద విఠలనాథుడు ఆ కోట కట్టించాడని చెబుతుంది. అంత రాయి అక్కడికి ఎలా వచ్చిందో కూడా గోడ మీదే చెక్కారు. గట్టి చక్రాల బండి, దాన్ని లాగుతున్న పశువుల బారు, సాయం పడుతున్న మనుషులు. గన్నారెడ్డి అభిమానులమని చెప్పుకునేవాళ్లలో ఎంతమంది ఈ రాతి గురించి విన్నారు?

రుద్రమ సంగతీ అంతే. నల్గొండ జిల్లా చందుపట్ల శాసనం 1289 నాటిది. రుద్రమదేవి, ఆమె సేనాని మల్లికార్జున నాయకుడు శివలోకం చేరారని అందులో ఉంది. ఆమె మీద తిరగబడ్డ కాయస్థ సామంతుడు అంబదేవుడితో యుద్ధంలోనే పోయిందన్నది చరిత్రకారులు చేసిన ఊహ. గట్టి ఊహే కావచ్చు, కానీ రాతి మీద ఆ మాట లేదు. ఆ తేడా చెప్పినవాణ్ని “ఆంధ్రుల చరిత్రని అవమానిస్తున్నావు” అంటూ మీద పడితే ఎలా?

రెండో జట్టువాళ్లకీ ఒక మాట. చరిత్ర పుస్తకాల్లో రెండు పేరాలతో సరిపెట్టిన కాకతీయుల మీద మొదట ఆసక్తి పుట్టింది ఈ నవలతోనే అని చెప్పేవాళ్లు మన మధ్యే ఉన్నారు. నేనూ అంతే. ఇది చదివాకే శాసనాల పుస్తకాలు వెతుక్కున్నాను. నవల కల్పన చేసిందని దాన్ని తిట్టడమేంటి? నవల పనే అది. కల్పన ఎక్కడ మొదలైందో పాఠకుడికి చెప్పేవాళ్లు లేకపోవడమే ఇక్కడి లోటు.

బాపిరాజు 1952లో పోయారు. 60 ఏళ్ల కాపీరైట్ గడువు ఎప్పుడో దాటిపోయింది. ఎవరైనా అచ్చు వేసుకోవచ్చు. అట్ట మీద కొత్త బొమ్మ వేసి అదే పాఠం మళ్లీ వదలకండి. చివర పది పేజీలు కలపండి: కాకతీయ రాజ్యం మ్యాపు, గోన వంశవృక్షం, చందుపట్ల, రాయచూరు శాసనాల పాఠం, ఏ పాత్ర శాసనాల్లో ఉంది, ఏది రచయిత కల్పన. ధర యాభై రూపాయలు పెరిగినా నేను కొంటాను.