డిస్ట్రో ఎంపిక తేలేది అప్‌డేట్ల దగ్గరే

విండోస్ 10కు ఉచిత మద్దతు 2025 అక్టోబర్ 14తో ఆగిపోయింది. విండోస్ 11కు కావాల్సిన టీపీఎం 2.0 అనే భద్రతా చిప్ లేని లాప్‌టాప్‌లు విజయవాడ, గుంటూరు ఇళ్లలో ఇంకా శుభ్రంగా పనిచేస్తున్నాయి. వాటిలో విండోస్‌కు బదులు ఉచిత ఆపరేటింగ్ సిస్టమ్ లైనక్స్‌లో ఏ రకం (డిస్ట్రో) వేయాలని అడిగితే నలుగురు నాలుగు పేర్లు చెబుతారు. ఎవరి పనికి తగ్గట్టు వాళ్లు చెబుతారు కాబట్టి ఎవరిదీ తప్పు కాదు.

మెనూలు, ఐకాన్లు చూసి ఎంచుకోవడం మాత్రం తప్పే. తెర రూపాన్ని ఇచ్చే గ్నోమ్, కేడీఈ, ఎక్స్‌ఎఫ్‌సీఈ డెస్క్‌టాప్‌లను దాదాపు ఏ డిస్ట్రోలోనైనా వేసుకోవచ్చు. అసలు తేడా అప్‌డేట్లలో ఉంది. డెబియన్ అనే డిస్ట్రోలో స్టేబుల్ కొత్త వెర్షన్ సుమారు రెండేళ్లకోసారి వస్తుంది, మధ్యలో ప్రధానంగా భద్రతా సవరణలే. రోజంతా బిల్లులు కొట్టే కొట్టుకు ఇంతకన్నా ఏం కావాలి? ఫెడోరా ఆరు నెలలకోసారి వస్తుంది, ఒక్కో విడుదలకు మద్దతు సుమారు 13 నెలలే. కొత్త కంపైలర్లు కావాల్సిన ఇంజినీరింగ్ విద్యార్థికి అది నప్పుతుంది. ఆర్చ్‌లో విడుదలలే ఉండవు, అప్‌డేట్లు ఎప్పటికప్పుడు వస్తూనే ఉంటాయి. అక్కడ ప్యాకేజీల జాబితాను తాజా చేసి, మొత్తం సిస్టమ్‌ను వదిలేసి ఒక్క ప్రోగ్రామే వేస్తే ప్రోగ్రాములు పంచుకునే లైబ్రరీల వెర్షన్లు పొసగక కొన్ని తెరుచుకోకపోవచ్చు. ప్రాజెక్టు గడువు వారంలో ఆ పని చేయకూడదు.

4 జీబీ ర్యామ్ లాప్‌టాప్‌కు మా ఓటు లైనక్స్ మింట్ డిస్ట్రోలోని ఎక్స్‌ఎఫ్‌సీఈ రకానికే. బ్రాడ్‌కామ్ కంపెనీ వైఫై చిప్ ఉంటే మాత్రం కాస్త ఓపిక పట్టాలి. ఇంటర్నెట్ కోసం ఫోన్‌ను యూఎస్‌బీ టెథరింగ్‌లో కలిపి, డ్రైవర్ మేనేజర్ నుంచి డ్రైవర్ వేయాలి. సంతకం లేని సాఫ్ట్‌వేర్‌ను అడ్డుకునే సెక్యూర్ బూట్ ఆన్‌లో ఉంటే ఒక పాస్‌వర్డ్ పెట్టమంటుంది. రీస్టార్ట్‌లో వచ్చే నీలం తెరలో 'ఎన్‌రోల్ మోక్' (డ్రైవర్ కీ నమోదు) ఎంచుకుని అదే పాస్‌వర్డ్ కొట్టాలి. చాలామంది కంగారులో 'కంటిన్యూ' నొక్కేస్తారు. కీ నమోదు కాక డ్రైవర్ లోడవదు, నింద మింట్ మీద పడుతుంది.

డీటీపీ వాళ్ల సంగతి వేరు. అను ఫాంట్లలో కొట్టిన పాత ఫైళ్లు అన్ని యంత్రాలూ ఒకేలా చదివే అక్షరాల ప్రమాణమైన యూనికోడ్ కావు. ఆ ఫాంటు లేని యంత్రంలో తెలుగుకు బదులు అర్థంలేని గుర్తులు కనిపిస్తాయి. డెబియన్ అయినా, ఉబుంటు అయినా అంతే. ముందు ఆ ఫైళ్లను యూనికోడ్‌లోకి మార్చుకోవాలి, ఒత్తులూ వట్రుసుడులూ ఒక్కొక్కటీ సరిచూసుకోవాలి.

మిగతావాళ్లు డిస్క్ చెరిపే ముందు పెన్‌డ్రైవ్ నుంచే ఒక పూట నడిపి చూడండి: వైఫై, సౌండ్, మూత మూసి తెరిస్తే మళ్లీ లేస్తుందా లేదా.