చీటీ లేని ప్రయోగం

రాత్రి తొమ్మిది దాటాక బెజవాడలో మందుల షాపు దగ్గర కాసేపు నిలబడితే ఈ దృశ్యం కంటపడుతుంది. "నిద్ర బిళ్లలు ఓ నాలుగు ఇవ్వన్నా" అంటాడొకాయన. డాక్టరు చీటీ అడగరు, బిల్లూ ఇవ్వరు. కత్తెరతో స్ట్రిప్పు కత్తిరిస్తారు. మందు పేరు, గడువు తేదీ ఉన్న ముక్క షాపులోనే ఉండిపోతుంది. ఆయన జేబులోకి వెళ్లేది మెరిసే రేకు ముక్క.

అది అల్ప్రాజోలం అయ్యుండొచ్చు. ఇది బెంజోడయాజెపైన్లనే మందుల కుటుంబానిది. ఈ కుటుంబంలో తొలి మందు లిబ్రియం 1960లో, వాలియం 1963లో వచ్చాయి. మెదడులో గాబా అనే రసాయనం పనికి బలమిచ్చి టెన్షన్ తగ్గిస్తాయి. వెంటే మగత, మతిమరుపు. కొన్ని వారాలకే అలవాటవుతాయి, ఉన్నట్టుండి మానేస్తే కొందరికి ఫిట్స్ వస్తాయి. మద్యం తోడైతే ఊపిరికే ముప్పు.

ఆందోళన పోవాలి, మగత రాకూడదు. అలాంటి మందు కోసం వెతుకులాట ఏనాటిదో. మెదడు కణాలపై గాబా వచ్చి అతుక్కునే చోట్లను గ్రాహకాలంటారు. వాటిలో ఒక రకం మగత తెస్తుందని, మరో రకం భయం తగ్గిస్తుందని తేలాక మెర్క్ కంపెనీ ఎల్-838,417 అనే పదార్థాన్ని తయారుచేసింది. జంతువుల్లో మగత లేకుండానే భయం తగ్గింది. అయినా అది మందుగా బజారుకు రాలేదు. ఫ్రాన్స్‌లో అమ్మకానికి వచ్చిన ఇలాంటి మరో మందు అల్పిడెమ్‌ను, కాలేయం దెబ్బతింటోందని వెనక్కి తీసుకున్నారు.

ఇలాంటి కొత్త మందులను మనుషులపై పరీక్షించే ప్రయోగమంటే మనవాళ్లు ఉలిక్కిపడటానికి కారణం ఉంది. 2011లో, అప్పటి గుంటూరు జిల్లా పిడుగురాళ్ల నుంచి పేద మహిళలను డబ్బు ఆశ చూపి హైదరాబాద్ తీసుకెళ్లి, వారిపై క్యాన్సర్ మందు పరీక్షించిన సంగతి బయటపడింది. 2019 నిబంధనల ప్రకారం ఇప్పుడు ప్రయోగంలో హాని జరిగితే ఉచిత వైద్యం, పరిహారం ఇవ్వాలి.

మరి చీటీ లేకుండా కౌంటర్ దగ్గర జరిగేదాన్ని ప్రయోగమనక ఏమనాలి? చీటీ ఉంటేనే అమ్మాల్సిన మందుల జాబితా షెడ్యూల్ హెచ్1 కింద అల్ప్రాజోలం కొన్నవారి పేరు, రాసిన డాక్టరు పేరు, ఎన్ని బిళ్లలిచ్చారో రిజిస్టర్లో రాసి మూడేళ్లు దాచాలి. జనాన్ని తప్పుపట్టలేం. మానసిక వైద్యుడి గది ముందు కూర్చుంటే చుట్టాలు ఏమనుకుంటారోనన్న బెరుకు మనలో చాలామందికి ఉన్నదే, ఆ బెరుకే షాపు వైపు నడిపిస్తోంది. ఔషధ నియంత్రణ అధికారులు వెంటనే ఆ రిజిస్టర్లు తెరిపించి, హోల్‌సేల్ బిల్లులతో బిళ్ల బిళ్లకూ సరిచూడాలి. తేలిన తేడాను జిల్లాల వారీగా జనం ముందు పెట్టాలి.