అటక మీద అట్టపెట్టె, నేల మీద ఫ్రిజ్

ఎన్టీఆర్ జిల్లా జనానికి ముందుజాగ్రత్త లేదని ఒక నింద చాలాకాలంగా ఉంది. వరద వచ్చిన ప్రతిసారీ టీవీ స్టూడియోల్లో కూర్చున్న నిపుణులు ఇదే మాట తిప్పి తిప్పి చెబుతారు. ఇది అన్యాయం. విజయవాడలో ఏ ఇంటికైనా వెళ్లి, స్టూలు వేసుకుని, అటక మీదికి తొంగి చూడండి. ముందుజాగ్రత్త అంతా అక్కడే ఉంది.

ముందుగా కనిపించేది ఫ్రిజ్ తాలూకు అట్టపెట్టె. ఫ్రిజ్‌కు రంగు పోయినా పెట్టె మాత్రం థర్మోకోల్‌తో సహా కొత్తగానే ఉంటుంది. ఎందుకు దాచారండీ అంటే, ‘ఇల్లు మారేటప్పుడు పనికొస్తుంది’ అంటారు. సొంతింట్లో ఉన్నవాళ్లూ అదే అంటారు. దాని పక్కన టీవీ పెట్టె, మిక్సీ పెట్టె, గృహప్రవేశానికి వచ్చిన గోడగడియారాలు, తిరగని టేబుల్ ఫ్యాను, ఇంట్లో అందరూ ఎప్పుడో పాసైపోయిన పదో తరగతి గైడ్లు. వీటన్నిటికీ నేల నుంచి ఏడడుగుల ఎత్తున, సిమెంటు పలక మీద, ఏ నీళ్లూ అందుకోలేని చోట ఆశ్రయం ఇచ్చాం.

ఇప్పుడు స్టూలు దిగండి. నేల మీద ఫ్రిజ్. జానెడు ఎత్తులో ఇన్వర్టర్ బ్యాటరీ. మంచం కింద బియ్యం బస్తా. బీరువా అడుగు అరలో ఇంటి దస్తావేజులు, పిల్లల సర్టిఫికెట్లు, ఎల్ఐసీ బాండ్లు. పై అరల్లో పెట్టొచ్చు కానీ అక్కడ పట్టుచీరలున్నాయి. అంటే నీళ్లు మోకాలి లోతు రాగానే ఇంట్లో విలువైనవన్నీ మునుగుతాయి, పీకల దాకా వచ్చినా ఖాళీ పెట్టెలకు మాత్రం ఢోకా ఉండదు. ఇంత పకడ్బందీ ఏర్పాటు ఎవరూ ఆలోచించకుండా దానంతటదే కుదిరిందంటే నేను నమ్మను.

ఊరు కట్టినప్పుడు కూడా ఇదే పద్ధతి పాటించాం. మైలవరం వైపు కొండల్లో పుట్టి కొల్లేట్లో కలిసే ఏరు బుడమేరు. ఏడాదిలో ఎక్కువ రోజులు గుర్రపుడెక్కతో, మురుగుతో కదలకుండా పడి ఉంటుంది కాబట్టి కొత్తవాళ్లకు అది ఏరని తెలియదు. పాతవాళ్లకు తెలుసు, కానీ చెప్పరు. చెబితే స్థలం రేటు పడిపోతుంది. పెద్దలు దానికి విజయవాడ దుఃఖదాయిని అని పేరు పెట్టారు. ఆ పేరు ఏ వెంచర్ బ్రోచర్‌లోనూ చూసిన గుర్తు లేదు. నీళ్లు పారే చోటు పల్లం, పల్లం కాబట్టి చవక, చవక కాబట్టి మనం. సింగ్‌నగర్, పాయకాపురం, కండ్రిక, రాజరాజేశ్వరిపేటల కథ చాలావరకు ఇంతే. అక్కడ ఇల్లు కట్టుకున్నవాళ్లను తప్పు పట్టడానికి నాకు నోరు రాదు. ఎత్తు మీద గజం రేటు విన్నాక ఎవరికైనా ఈత నేర్చుకోవడమే చవకనిపిస్తుంది. లేఅవుట్ మీద సంతకం పెట్టినవాళ్ల ఇళ్లు ఎంత ఎత్తున ఉన్నాయో కనుక్కోవాలని మాత్రం ఉంది.

ప్రభుత్వాలు చేతులు ముడుచుకుని కూర్చోలేదు. వెలగలేరు దగ్గర రెగ్యులేటర్ కట్టి, అక్కడి నుంచి మళ్లింపు కాలువ తవ్వి, బుడమేరు వరదను ఇబ్రహీంపట్నం దగ్గర కృష్ణలో కలిపాయి. చక్కటి ఏర్పాటు. ఒకే ఒక్క షరతు ఉంది: బుడమేరుకు వరద వచ్చిన రోజు కృష్ణకు రాకూడదు. 2005లో బుడమేరు ఒకసారి ఊళ్లోకి వచ్చి చూసి వెళ్లింది. 2024 ఆగస్టు 31న కుండపోత కురిసింది. మళ్లింపు కాలువ గట్టుకు మూడు చోట్ల గండ్లు పడ్డాయి. సెప్టెంబరు 2న ప్రకాశం బ్యారేజీ దగ్గర కృష్ణ 11.43 లక్షల క్యూసెక్కులతో పారింది, ఆ బ్యారేజీ కట్టాక ఎన్నడూ రానంత వరద. కృష్ణ అంత ఎత్తున ఉంటే బుడమేరు ఎక్కడికి పోతుంది? తన పాతింటికే పోయింది. పాతింట్లో మనం కాపురం ఉంటున్నాం.

ఆ ఆదివారం, సెప్టెంబరు 1న, గృహస్థులు ప్రదర్శించిన సంయమనం గురించి ఎవరూ రాయలేదు. ‘మన వీధి దాకా రాదులే’ అన్నది ఈ జిల్లాలో ఇంటింటి విపత్తు నిర్వహణ ప్రణాళిక. దానికి దశలున్నాయి. మొదటి మెట్టు మునిగినప్పుడు వీడియో తీసి ఫ్యామిలీ గ్రూపులో పెట్టాలి. రెండో మెట్టు మునిగాక బండిని అరుగెక్కించాలి. మూడో మెట్టు దగ్గర ఫ్రిజ్ కింద ఇటుకలు పెడదామని నిర్ణయించుకుని, ఇటుకల కోసం వెతకాలి. ఈలోగా నీళ్లు హాల్లోకి వస్తాయి. అప్పుడు మెయిన్ ఆఫ్ చేయాలా, గ్యాస్ కట్టేయాలా, నాన్నగారిని పైకి తీసుకెళ్లాలా, అసలు ఇన్సులిన్ ఎక్కడుంది అన్న నాలుగు ప్రశ్నలు ఒకేసారి వస్తాయి. ఇన్సులిన్ ఫ్రిజ్‌లో ఉంది. ఫ్రిజ్ తేలుతోంది.

ఆ తర్వాత ఇంటిల్లిపాదీ డాబా మీదికి. పైన హెలికాప్టర్లు, డ్రోన్లు భోజనం పొట్లాలు జారవిడుస్తున్నాయి. టెక్నాలజీ ఎంత ముందుకు పోయిందో ఆకలితో డాబా మీద నిలబడి, ఫోన్‌లో ఛార్జింగ్ లేక వీడియో తీయలేని స్థితిలో చూసే భాగ్యం ఎందరికి దక్కుతుంది? కరెంటు లేకపోతే మోటారు ఆడదని, మోటారు ఆడకపోతే ట్యాంకు నిండదని, సంపులోకి మురుగు చేరితే ఆ నీళ్లు గిన్నెలు కడగడానికి కూడా పనికిరావని పెద్ద పెద్ద చదువులు చదివిన ఇళ్లలో సైతం అప్పుడే తెలిసింది. కొన్ని కాలనీల్లో నీళ్లు వారం దాటినా దిగలేదు కాబట్టి, పాఠం బాగా ఒంటబట్టిందనే అనుకోవాలి.

హెచ్చరికలు అందలేదని కొందరంటారు. ఎందుకు అందవు? 2023లో టెలికాం శాఖ దేశమంతా సెల్‌ఫోన్లకు పరీక్షగా అత్యవసర హెచ్చరిక పంపినప్పుడు ఫోన్లు ఒక్కసారిగా మోగి, ఆఫీసుల్లో, బస్సుల్లో జనం ఉలిక్కిపడ్డారు. మనవాళ్లు వెంటనే స్పందించారు: స్క్రీన్‌షాట్ తీసి స్టేటస్‌లో పెట్టారు. విపత్తుల సంస్థ పంపే మెసేజ్ లోన్ ఆఫర్‌కూ ఓటీపీకీ మధ్య ఇరుక్కుని ఉంటుంది. అందులో ‘లోతట్టు ప్రాంతాల ప్రజలు అప్రమత్తంగా ఉండాలి’ అని రాస్తారు. నాకు తెలిసి జిల్లాలో ఎవరూ లోతట్టు ప్రాంతంలో ఉండరు. లోతట్టు అంటే ఎప్పుడూ పక్క కాలనీయే. హెచ్చరికలకు సచేత్ అని కేంద్రం వాళ్ల యాప్ ఒకటి ఉంది, సాయానికి 112, 1070 నంబర్లున్నాయి. ఇవి మన ఫోన్లలో లేవు. పెట్టడానికి స్టోరేజ్ లేదు, గుడ్ మార్నింగ్ ఫొటోలతో నిండిపోయింది.

అధికారులు ప్రతి ఇంట్లో ఒక అత్యవసర సంచి ఉంచుకోమంటారు: టార్చి, మందులు, కాగితాల నకళ్లు, పవర్ బ్యాంక్, నాలుగు బిస్కెట్ ప్యాకెట్లు, ఓఆర్ఎస్. ఈ విషయంలో మనం సగం పని పూర్తి చేశాం. ప్రతి వంటింటి తలుపు వెనకా ఒక సంచి వేలాడుతూనే ఉంది. అందులో ఇతర సంచులున్నాయి.

భూకంపాల సంగతి కూడా ఒక ముక్క చెప్పుకోవాలి. 2024 డిసెంబరు 4 పొద్దున ములుగు దగ్గర 5.3 తీవ్రతతో భూమి కదిలితే విజయవాడ దాకా తెలిసింది. ఇలాంటప్పుడు లిఫ్ట్ ఎక్కకూడదని బడిపిల్లలకూ తెలుసు. పెద్దవాళ్లు మాత్రం మోకాళ్ల నొప్పుల దృష్ట్యా లిఫ్ట్‌లోనే కిందికొచ్చి, నాలుగంతస్తుల భవనం పక్కనే నిలబడి, ‘మీక్కూడా ఊగిందా’ అని ఒకరినొకరు పరామర్శించుకున్నారు.

బీమా గురించి మాట్లాడితే, ‘శుభమా అని ఇల్లు కట్టుకుంటే ఈ అపశకునాలేంటి’ అని పెద్దలు కోప్పడతారు. ఇంటి బీమా వరద నష్టానికీ వర్తిస్తుందని, 2021 ఏప్రిల్ నుంచి భారత్ గృహ రక్ష పేరుతో సాధారణ బీమా కంపెనీలు ఒకే నమూనా పాలసీ ఇస్తున్నాయని, ఇంటికి చేయించిన బీమా మొత్తంలో 20 శాతం దాకా, 10 లక్షలు మించకుండా, లోపలి సామాన్లకు విడిగా జాబితా ఇవ్వకుండానే రక్షణ ఉంటుందని చెబితే వినేవాళ్లు ఆవులిస్తారు. ఇంత విలువైన ఇంటికి బీమా లేదు కానీ, ఫోన్ అద్దానికి టెంపర్డ్ గ్లాస్ వేయించనివాళ్లు మన జిల్లాలో దొరకరు. ఇక నీట మునిగిన కారు దగ్గరికి నీళ్లు దిగగానే వెళ్లి తాళం తిప్పి చూస్తాం. ఇంజిన్‌లోకి చేరిన నీళ్లు లోపల రాడ్లను వంచేస్తాయి. మెకానిక్ వద్దన్నాడని ఆగే రకం కాదు మనం.

అసలు జిల్లా సంసిద్ధత తెలియాలంటే నీళ్లు దిగాక చూడాలి. ఫైరింజన్లు వచ్చి ఇళ్లలో బురద కడుగుతుండగానే, ఏ కాగితాలు కావాలో, ఎవరి పేరు జాబితాలో ఉందో, ఎవరి పేరు ఎందుకు లేదో ప్రతి వీధిలోనూ ఒకరు అనర్గళంగా చెప్పగలిగారు. ప్రభుత్వం నీళ్లు చేరిన ఇంట్లో గ్రౌండ్ ఫ్లోర్‌కు 25 వేలు, పై అంతస్తులకు 10 వేలు ప్రకటించింది. ఎత్తుకు సర్కారు కట్టిన వెల అన్నమాట. పదిహేను వేల తేడా చూసి, పైన అద్దెకుంటున్నవాళ్లలో కొందరికి మొదటిసారి కింది పోర్షన్ మీద మనసయ్యింది. దస్తావేజులు తడిసినవాళ్లు ఆధార్ చూపించమంటే ఆధారూ వాటితోనే ఉందన్నారు. నకళ్లను డిజిలాకర్‌లో పెట్టుకోవచ్చని అంతకుముందు ఎవరో చెప్పారట, ‘తీరిగ్గా చూద్దాం’ అనుకున్నారట.

ఇంతలో మా అపార్ట్‌మెంట్ అసోసియేషన్ కూడా మేల్కొంది. కరెంటు మీటర్లు, మోటారు స్టార్టరు, జనరేటర్ అన్నీ సెల్లార్‌లోనే ఉన్నాయని, నీళ్లొస్తే ముందు మునిగేవి అవేనని ఒక రిటైర్డ్ ఇంజనీరుగారు గుర్తుచేశారు. పైకి మార్చాలని ప్రతిపాదించారు. మొదటి అంతస్తువాళ్లు శబ్దం భరించలేమన్నారు. డాబా మీద పెడితే వాటర్‌ప్రూఫింగ్ పాడవుతుందని పై అంతస్తువాళ్లు అభ్యంతరం చెప్పారు. స్టిల్ట్‌లో పెడదామంటే రెండు కార్ల పార్కింగ్ పోతుంది, ఆ రెండు కార్లూ కార్యవర్గ సభ్యులవే. సెక్రటరీగారు అందరి మాటా విని, ఎవరినీ నొప్పించకుండా ఒక తీర్మానం చదివారు. చప్పట్ల మధ్య ఏకగ్రీవంగా ఆమోదం పొందింది. జనరేటర్ సెల్లార్‌లోనే ఉంటుంది. తడవకుండా పైన టార్పాలిన్ కప్పుతారు.