మూడొందలిచ్చి మెడ కోయించుకున్నా

ఇప్పుడే సెలూన్ నించి వచ్చా. మెడంతా కారం రాసినట్టు మండిపోతోంది, చొక్కా కాలర్ తగిల్తే ప్రాణం లేచిపోతోంది, అందుకే బనీనుతో కూర్చుని టైప్ చేస్తున్నా. క్షవరం అయితే గానీ వివరం తెలీదని పెద్దోళ్ళు ఊరికే అన్లేదు. రేపు మా బావమరిది గృహప్రవేశం, "బావా, మా సందు చివర కొత్త సెలూన్ పెట్టారు, కత్తితో గీస్తారంట, అదిరిపోద్ది" అని వాడే పంపాడు. వాడి మాట వినడం నాదే బుద్ధి తక్కువ, ఆ కథ తర్వాత చెప్తా.

లోపల ఏసీ, వెనక్కి వాలే కుర్చీ, గోడల నిండా గడ్డాలున్న తెల్లోళ్ళ ఫోటోలు. పిల్లాడొచ్చి చల్లనీళ్ళు ఫుస్ ఫుస్ మని రెండుసార్లు కొట్టి, డబ్బాలోంచి నురగ తీసి పామి, పట్టుమని పది సెకన్లు కూడా ఆగకుండా కత్తి పెట్టేశాడు. అదీ ఎక్కడ? మెడ కింద నించి పైకి! మొదటి గీతే వెంట్రుక వాలుకి ఎదురు! బాబూ కాస్త వాలుకి గియ్యమ్మా అంటే "క్లోజ్‌గా రావాలంటే ఇంతే సార్" అని నాకే పాఠం. పైగా మధ్యమధ్యలో ఫోన్ చూసుకుంటాడు, నా గొంతు మీద కత్తి పెట్టుకుని! అంతా అయ్యాక "స్కిన్ డల్‌గా ఉంది సార్, డీటాన్ చేసేద్దామా" అంట, ఎండ నలుపు పోగొట్టే పూతంట. గడ్డం కింద రక్తం కారుతుంటే డల్‌గా ఉండక తళతళలాడుద్దా?

తెనాలి దగ్గర మా ఊళ్ళో వేపచెట్టు కింద ఒక చెక్క కుర్చీ ఉండేది. అక్కడ గడ్డాలు గీసే మంగలాయన్ని బాబాయ్ అని పిలిచేవాళ్ళం అందరం. ఆయన దగ్గర కూర్చుంటే ముందు వేణ్ణీళ్ళతో గడ్డం తడిపి, గుండ్రటి సబ్బు మీద బ్రష్షు తిప్పి తిప్పి మీగడ లాంటి నురగ పట్టించి వదిలేసేవాడు. "గడ్డం నానకపోతే కత్తి కొయ్యదురా అబ్బాయ్, పీకుద్ది" అనేవాడు. అది నానేలోపు తోలుపట్టీ మీద కత్తి నూరుకునేవాడు, టపటపా టపటపా, ఎప్పుడూ వెన్ను ముందు, పదును వెనక. చివరికొచ్చాక వెన్ను మీదే తిప్పేవాడు. పదును ముందు పెట్టి తోస్తే తోలూ పాడు, కత్తీ పాడు. ఆ కత్తి మీద సోలింజెన్ అని ఉండేది, జర్మనీదని మాకు గొప్పగా చూపించేవాడు.

ఎడమ చేత్తో చర్మం బిగలాగి, ముందు వెంట్రుక వాలు ఎటుందో అటే ఒక చుట్టు. మళ్ళీ నురగ. తర్వాత అడ్డంగా. మెడ దగ్గర వెంట్రుకలు తలోదిక్కూ పెరుగుతాయి కదా, అక్కడ వేళ్ళతో తడిమి చూసుకుని గీసేవాడు. కత్తి మరీ పడుకుంటే లాగుద్ది, మరీ లేస్తే కోసుద్ది. ముప్పై డిగ్రీలు పెట్టాలని ఇప్పుడు వీడియోల్లో చెప్తున్నారు, బాబాయ్‌కి డిగ్రీలు తెలీవు, చెయ్యి తెలుసు. ఆఖర్న చల్లనీళ్ళు, పటిక ముక్క, అయిపోయింది. సాయంత్రం దాకా చెంప నిమురుకుంటూ తిరిగేవాణ్ణి.

"ఒకే కత్తి అందరికీనా ఛీ" అని ఎగిరేవాళ్ళు ఆగండి, ఒప్పుకుంటా. ఎయిడ్స్ భయం వచ్చాక మనిషికో కొత్త బ్లేడు అన్నారు, మంచిదే. తిరుమల కల్యాణకట్టలో కూడా టోకెన్‌తో పాటు బ్లేడు చేతిలో పెడతారు. కానీ కొత్త బ్లేడు వేస్తే గడ్డం నానబెట్టక్కర్లేదని ఎవడు చెప్పాడు? ఇంట్లోనే గీసుకో అంటారా, ఆ తమాషా ఇంకోటి. 1971లో జిల్లెట్ రెండు బ్లేళ్ళ రేజర్ తెచ్చింది, 1998లో మూడు, 2006లో అయిదు. నా మనవడికి గడ్డం వచ్చేనాటికి వరికోత మిషనే తెస్తారు.

అసలు బాధ ఇది కాదులెండి. పద్నాలుగేళ్ళ కిందట నా పెళ్ళి. పెళ్ళికొడుకుని చేసే రోజు గోళ్ళు తీసి గడ్డం గియ్యడానికి బాబాయ్ తెల్లారకముందే వచ్చి అరుగు మీద కూర్చున్నాడు. ఇదే బావమరిది, "ఈ కాలంలో ఇదేంటి బావా" అని గుంటూరు నించి ఒక స్టైలిస్టుని కార్లో దింపాడు. బాబాయ్ చేత గోళ్ళు మాత్రం తీయించి, గడ్డం వాడికిచ్చారు. నేను నోరెత్తలా. ఆ స్టైలిస్టు సరిగ్గా గడ్డం మధ్యలో కోశాడు. ఆల్బమ్‌లో జీలకర్ర బెల్లం నించి అప్పగింతల దాకా ప్రతి ఫోటోలో ఆ ఎర్ర గాటు, తలంబ్రాల్లో అయితే కుంకం చుక్కలాగే ఉంటది. బాబాయ్ తాంబూలం తీసుకుని, నా మొహం చూసి, ఏమీ అనకుండా సంచిలోంచి పటిక ముక్క తీసి నా చేతిలో పెట్టి వెళ్ళిపోయాడు.

ఇది రాస్తుండగానే వాడు ఫోన్ చేశాడు. "ఎలా గీశాడు బావా? రేపు ఫోటోలకి నీ పెళ్ళికి తీసినాయన్నే పిలిచా."