సంతకం రాని రాజు ఫ్రిథువోల్డ్: కీలుబొమ్మ అనేస్తే సరిపోతుందా?

ఏడో శతాబ్దం ఇంగ్లండ్ అంటే పెద్ద రాజుల గొడవే, వాళ్ళ కింద ఏలిన చిన్న రాజుల సంగతి ఎత్తితే "వాళ్ళదేముందిలే, పై రాజు ఆడించినట్టు ఆడారు" అని తేల్చేస్తారు. లండన్‌కి దక్షిణాన ఉన్న సర్రే ప్రాంతాన్ని ఏలిన ఫ్రిథువోల్డ్ విషయంలో మాత్రం నాకు ఆ మాట అస్సలు మింగుడుపడదు.

ఇతని గురించి తెలిసిందంతా దాదాపు ఒక్క దానశాసనం నుంచే. 672-674 మధ్య సర్రేలోని చెర్ట్సీ క్రైస్తవ మఠానికి భూమి ఇస్తూ రాయించాడు, మనకి దొరికింది 13వ శతాబ్దంలో ఎక్కించుకున్న కాపీ. అందులో తను మధ్య ఇంగ్లండ్‌లోని పెద్ద రాజ్యం మెర్సియా రాజు వుల్ఫ్‌హియర్ కింద చిన్న రాజునని దాచకుండా చెప్పుకుంటాడు. దానం మాత్రం చిన్నది కాదు, మొత్తం కలిపి 300 హైడ్‌లు, హైడ్ అంటే ఒక కుటుంబం బతకడానికి సరిపడే భూమి, అందులో 10 హైడ్‌లు థేమ్స్ దక్షిణపు ఒడ్డున, ఓడలు వచ్చి ఆగే లండన్ రేవు దగ్గర ఉన్నాయి. అంత విలువైన చోటు!

రాజకీయమంతా ఇక్కడే ఉంది. ఆ మఠం మొదట కట్టింది తూర్పున పొరుగు రాజ్యమైన కెంట్ రాజు ఎగ్‌బర్ట్ హయాంలో. ఇప్పుడు సర్రే మెర్సియా వైపు వచ్చింది, కాబట్టి పాత రాజు నీడలో పుట్టిన మఠాన్ని కొత్త ఏలికకి దగ్గర చెయ్యాలి. వుల్ఫ్‌హియర్ థేమ్ అనే చోట బలిపీఠం మీద చెయ్యి పెట్టి ఈ దానాన్ని ఖాయం చేశాడు, సరే, ఆయన ఒప్పుకోకుండా ఇది నిలవదు. కానీ ఫ్రిథువోల్డ్ ఉత్త కీలుబొమ్మ అయితే వుల్ఫ్‌హియరే నేరుగా తన పేరు మీద ఇచ్చేసేవాడు కదా? స్థానికంగా మాట చెల్లే మనిషి కావాల్సి వచ్చింది, అందుకే ఇతను ఇచ్చాడు, ఆయన ఖాయం చేశాడు. వుల్ఫ్‌హియర్ 675లో పోయాడు, ఇంకో పదేళ్ళు దాటాక సర్రే పడమటి రాజ్యం వెసెక్స్ రాజు కాడ్వల్లా చేతికెళ్ళింది. అలా చేతులు మారే నేల మీద నిలబడి ఏలడం తేలికేం కాదు.

నన్ను బాగా కదిలించింది వేరే. తనకి అక్షరాలు రావని, అందుకే శిలువ గుర్తు పెడుతున్నానని శాసనంలోనే చెప్పుకున్నాడు. భూమితో పాటు తనని, తన ఒక్కగానొక్క కొడుకుని కూడా మఠాధిపతి ఏర్కెన్‌వాల్డ్ ఆజ్ఞకి అప్పగిస్తున్నా అన్నాడు. అది పై రాజు చెప్తే రాసిన మాటలా నాకు అనిపించదు.